పది మీటర్ల మానిటర్ కేబుల్: రాగి తీగా, ఆప్టికలా?

కంప్యూటర్ ఒక గదిలో, 4కె మానిటర్ మరో గదిలో ఉండటంతో 10 మీటర్ల ఆప్టికల్ (రాగి తీగకు బదులు ఫైబర్‌లో కాంతిగా సమాచారం పంపే) హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకుని 60 హెర్ట్‌జ్‌ (తెరపై బొమ్మ సెకనుకు 60 సార్లు మారే వేగం) వద్ద వాడుతున్నాను. పొట్టి రాగి కేబుల్‌తో అక్షరాల అంచులు ఎంత స్పష్టంగా ఉండేవో దీనితోనూ అంతే స్పష్టంగా ఉన్నాయి. అంతకంటే మెరుగ్గా మాత్రం లేవు, ఉండే అవకాశమూ లేదు.

పాత వీజీఏ కేబుల్‌లో ప్రయాణించేది అనలాగ్ సిగ్నల్ కాబట్టి, పొడవు పెరిగేకొద్దీ బొమ్మ మసకబారి అక్షరాల పక్కన నీడలు తేలేవి. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సమాచారం. అది సరిగ్గా చేరితే కేబుల్ వల్ల బొమ్మలో ఏ మార్పూ రాదు, చేరకపోతే తెరపై చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఉన్నట్టుండి మాయమై మళ్లీ వస్తుంది, లేదా అసలే రాదు. అందుచేత బొమ్మకు పదును పెంచుతుందని అట్టపెట్టె మీద రాసిన మాటకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. బంగారు పూత తుప్పును ఆపుతుంది, అంతే.

ఎంపికలో అసలు చూడవలసినది పొడవుకూ సమాచార వేగానికీ ఉన్న పొత్తు. 1080పి (ఫుల్ హెచ్‌డీ) బొమ్మకు 60 హెర్ట్‌జ్‌ వద్ద సెకనుకు సుమారు 4.5 గిగాబిట్లు చాలు. దానికి నాలుగింతల చుక్కలుండే 4కె బొమ్మకు, రంగులను కుదించకుండా పంపాలంటే, దాదాపు 18 కావాలి. 1080పికి ఏళ్ల తరబడి బాగా పనిచేసిన పొడవైన రాగి కేబుల్ 4కె పెట్టగానే తడబడటానికి కారణం ఇదే. 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్ తరగతిలో మామూలు రాగి కేబుళ్లు 5 మీటర్లు దాటి దొరకడం అరుదు. "2.1 కేబుల్" అన్న హెచ్‌డీఎంఐ వెర్షన్ అంకెను కాక, ఆ తరగతి పేరుతో పెట్టెపై ఉండే, ఫోన్‌తో స్కాన్ చేయగల ధ్రువీకరణ లేబుల్‌ను చూడటం మేలు.

ఆప్టికల్ కేబుల్ సన్నగా, తేలికగా ఉంటుంది గానీ దానికి దిశ ఉంది: ఒక కొన కంప్యూటర్‌కే, రెండోది మానిటర్‌కే. గోడలోని పైపులో తిరగేసి లాగితే మొత్తం బయటికి తీయవలసిందే. లోపలి ఫైబర్ పదునైన మడతను ఓర్చుకోదు. కొనల్లో విద్యుత్ సిగ్నల్‌ను కాంతిగా, కాంతిని తిరిగి విద్యుత్‌గా మార్చే చిప్‌లలో ఒకటి పాడైతే కేబుల్ అంతా వృథా, ముక్క కోసి అతికించే వీలు లేదు. కాబట్టి దీనిని గోడలో శాశ్వతంగా పూడ్చడాన్ని నేను సమర్థించను. కనెక్టర్ పట్టేంత వెడల్పున్న పైపు వేసి, లాగే ముందు నేల మీదే రెండు కొనలూ తగిలించి, మానిటర్‌ను గరిష్ఠ రిజల్యూషన్‌లో కొన్ని గంటలు నడిపి చూడటం అవసరం.

అన్నీ సరిగ్గా ఉన్నా నల్లని నేపథ్యంలో ఎర్రని అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తే, కేబుల్‌ను మార్చే ముందు గ్రాఫిక్స్ సెట్టింగ్‌లలో రంగుల అమరిక 4:2:0లో ఉందేమో చూడాలి. ఆ అమరికలో రంగుల వివరం నాలుగో వంతుకు తగ్గుతుంది. దానిని రంగులను కుదించని 4:4:4కు మార్చాక బొమ్మ నిలకడగా నిలవకపోతేనే కేబుల్‌ను అనుమానించాలి.

1080పి మానిటర్‌కు ఇదే 10 మీటర్ల దూరమైతే నేను మందమైన తీగలున్న రాగి కేబుల్‌నే కొంటాను. 3 మీటర్ల లోపు దూరానికి ఆప్టికల్ కేబుల్ కొనడం, సన్నదనం కోసమైతే తప్ప, దండగ.