పిల్లల జ్వరానికి పారాసెటమాల్, ఇబుప్రోఫెన్, తడిగుడ్డ: ఏది మేలు?

బిడ్డకు జ్వరం 103 డిగ్రీలు దాటినప్పుడు ఇంట్లో చేయగలిగినవి మూడు: పారాసెటమాల్ ఇవ్వడం, ఇబుప్రోఫెన్ ఇవ్వడం, తడిగుడ్డతో ఒళ్లు తుడవడం. వీటిలో మొదటిదే మేలు; డాక్టరు చెప్పకుండా రెండోదాని జోలికి వెళ్లకూడదు, అందులోనూ డెంగీ తిరిగే వానాకాలంలో అసలే వద్దు. మందు ఇచ్చేది బిడ్డకు ఒంటినొప్పులు, చికాకు తగ్గడానికే గాని థర్మామీటరులో అంకె దించడానికి కాదు. 101 ఉన్నా ఆడుకుంటూ, పాలో నీళ్లో తాగుతున్న బిడ్డకు మందు తప్పనిసరి కాదు.

పారాసెటమాల్ మోతాదును వయసును బట్టి కాక బరువును బట్టి లెక్కించాలి. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక మోతాదు, మళ్లీ ఇవ్వడానికి కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, 24 గంటల్లో నాలుగు మోతాదులకు మించరాదు. ఎక్కువమంది పొరపడేది సీసా దగ్గరే. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే అది సుమారు 6 మి.లీ.; 250 మి.గ్రా. ఉన్నదైతే 3 మి.లీ.; ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండే చుక్కల మందైతే ఒకటిన్నర మి.లీ. మాత్రమే. కిందటిసారి సీసా లెక్కను కొత్త సీసాకు వాడితే మోతాదు రెట్టింపో నాలుగింతలో అయి కాలేయానికి ముప్పు తెస్తుంది. మందుల షాపులో దొరికే జలుబు సిరప్‌లలో కూడా పారాసెటమాల్ ఉండవచ్చు కనుక లేబుల్ చదవనిదే రెండూ కలిపి ఇవ్వకండి.

ఇబుప్రోఫెన్ ప్రభావం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంటుందన్నది నిజమే. అయితే అది కడుపు లోపలి పొరను దెబ్బతీస్తుంది, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తుంది, ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు మూత్రపిండాలపై భారమవుతుంది. డెంగీలో ఈ మూడూ ప్రమాదమే. మొదటి రెండు రోజుల్లో డెంగీయో కాదో ఇంట్లో తేల్చుకోలేం. జ్వరానికి ఇచ్చే మరో మందు మెఫనమిక్ ఆమ్లం సిరప్‌కూ ఇదే వర్తిస్తుంది. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు. నిమెసులైడ్ అనే జ్వరం మందును 12 ఏళ్లలోపు వారికి వాడకుండా మన దేశంలో 2011లోనే నిషేధించారు.

తడిగుడ్డ తోడు మాత్రమే, మందుకు బదులు కాదు. గోరువెచ్చని నీళ్లు వాడాలి. ఐసు నీళ్లతో తుడిస్తే బిడ్డ వణికిపోయి, ఆ వణుకుతో ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. దుప్పట్లు కప్పి కిటికీలు మూసే అలవాటు మానాలి.

ఇక ఇల్లా, ఆసుపత్రా? మూడు నెలల్లోపు పసికందుకు 100.4 డిగ్రీలు వచ్చినా ఇంట్లో వేచి చూడకూడదు. ఏ వయసు బిడ్డయినా డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, లేపినా మత్తుగా పడి ఉన్నా, మెడ బిగుసుకున్నా, ఆరు గంటలకు పైగా మూత్రం పోయకపోయినా వెంటనే తీసుకెళ్లాలి. ఈ లక్షణాలేవీ లేకపోయినా రెండు రోజులు దాటిన జ్వరాన్ని డాక్టరుకు చూపించాల్సిందే. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గాని నీళ్లు గాని పెట్టకండి, ఐదు నిమిషాల్లో ఆగకపోతే 108కి ఫోన్ చేయండి; ఆగినా, మొదటిసారి వచ్చినదైతే అదే రోజు చూపించాలి.

డెంగీలో అసలు గండం జ్వరం దిగిన తర్వాతి 24 నుంచి 48 గంటలు. ఒళ్లు చల్లబడిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే ఆ సమయంలోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడ్డ చేతులు కాళ్లు కనిపిస్తే బొప్పాయి ఆకు రసంతో పొద్దుపుచ్చకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. ఏ మందు, ఎన్ని మి.లీ., ఏ గంటకు ఇచ్చారో కాగితం మీద రాసి, ఆ సీసాతో సహా వెంట తీసుకెళ్లండి.