జాగ్రత్త: పాత రూమ్మేట్ అప్పుకు మీరు పూచీ పడలేదు, ఆ డబ్బు కట్టకండి

హైదరాబాదులో నలుగురైదుగురు కలిసి ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉండేవారికి పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో నలుగురం దాదాపు రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. మాలో ఒకతను ఉద్యోగం పోయాక ఊరికి వెళ్లివస్తానని చెప్పి, ఆ నెల తన వంతు అద్దె కూడా ఇవ్వకుండా వెళ్లిపోయాడు. అతను వెళ్లిన నాలుగో నెలలో నాకు మొదటి ఫోన్ వచ్చింది. ఒక ఫైనాన్సు సంస్థ యాప్‌లో అతను తీసుకున్న వ్యక్తిగత రుణం మూడు వాయిదాలు ఆగిపోయిందనీ, దరఖాస్తులో నా పేరు, నంబరు ఉన్నాయి కాబట్టి మిగిలిన 41,000 రూపాయలకు నేనే జవాబుదారీననీ అవతలి మనిషి ఎంతో మర్యాదగా చెప్పాడు.

మర్యాదగా మాట్లాడాడు కదా అని ఆ మొదటి ఫోన్‌లోనే మా రూమ్మేట్ ఊరి పేరు, వాళ్ల నాన్నగారి నంబరు చెప్పేశాను. ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకునే పొరపాటు అదే. వారం తిరగకముందే వాళ్లమ్మగారు ఫోన్ చేసి, "బాబూ, మా ఇంటి నంబరు వాళ్లకు నువ్వే ఇచ్చావా?" అని అడిగారు. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే నాకు జవాబు దొరకలేదు. అతని మీద నాకు కోపం ఉంటే ఉండవచ్చు గానీ, అతని తల్లిదండ్రులను వెతికిపెట్టే పని నాది కాదు. మీకు అలాంటి ఫోన్ వస్తే, మీకు తెలిసిన వివరాలు చెప్పవలసిన బాధ్యత మీకు లేదని గుర్తుపెట్టుకోండి.

ఆ తరువాత మర్యాద పోయింది. "మీరు" కాస్తా "నువ్వు" అయింది, రోజుకు పది పన్నెండు ఫోన్లు మొదలయ్యాయి, ఒక నంబరు బ్లాక్ చేస్తే మరో నంబరు నుంచి వచ్చేవి. ఆఫీసులో మీటింగు మధ్యలో ఫోన్ కట్ చేస్తే, పది నిమిషాల్లో మా ఇంటి ఓనరుగారికి ఫోన్ వెళ్లింది. ఆమె నంబరు వాళ్లకెలా దొరికిందో మొదట అర్థం కాలేదు. అద్దె పంపడం కోసం మా రూమ్మేట్ తన ఫోన్‌లో దాచుకున్న నంబరది. రుణ యాప్‌లు మన ఫోన్‌లోని కాంటాక్టులనూ, కాల్ వివరాలనూ, ఫొటోలనూ చూడకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే డిజిటల్ రుణాల మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఆ మాట కాగితం మీద ఎంత బలంగా ఉన్నా, కింది అంతస్తులో ఉండే పెద్దావిడకు "మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లు మోసగాళ్లు" అని చెప్పే గొంతును ఆ క్షణంలో ఆపలేదు.

పరువు పోతుందన్న భయమే నా చేత రెండో పొరపాటు చేయించింది. "సార్, ఒక్క 3,500 కట్టండి, మీ నంబరు సిస్టమ్‌లో నుంచి తీసేస్తాం" అన్నారు. పీడ వదిలితే చాలనుకుని యూపీఐలో పంపాను. పంపాక చూస్తే అవతల కనిపించిన పేరు సంస్థది కాదు, ఎవరో ఒక వ్యక్తిది. రశీదు రాలేదు. మరునాడు ఉదయం వచ్చిన ఫోన్‌లో మాట తిరగబడింది: "నిన్న ఒక వాయిదా కట్టారు కదా, అంటే బాధ్యత మీదేనని ఒప్పుకున్నట్టే. మిగతాది ఎప్పుడు కడతారు?" ఈ టపా అంతా నేను రాస్తున్నది ఈ ఒక్క వాక్యం కోసమే. ఆ చిన్న మొత్తం బాకీ తీర్చడానికి అడిగింది కాదు, నన్ను బాకీలోకి లాగడానికి అడిగింది.

నిజానికి రిఫరెన్సుగా పేరు ఇవ్వడం వేరు, పూచీ పడటం వేరు. రిఫరెన్సు అంటే అప్పు తీసుకునే మనిషి తనకు తెలిసినవారని రాసిన పేరు మాత్రమే. దానికి మన సంతకం ఉండదు, చాలాసార్లు మనకు తెలియనే తెలియదు. పూచీకత్తు అంటే, అతను కట్టకపోతే నేను కడతానని మనం ఇచ్చే మాట. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం ఆ మాట రాతపూర్వకంగానైనా ఉండవచ్చు, నోటిమాటగానైనా ఉండవచ్చు. అందుకే ఫోన్ రికార్డు అవుతున్నప్పుడు "సరే, వాడు ఇవ్వకపోతే నేను చూసుకుంటాలే" లాంటి మాట విసుగులో కూడా అనకండి. ఒక వాయిదా కట్టినంత మాత్రాన మీరు పూచీదారు అయిపోరు గానీ, వాళ్ల చేతికి మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది.

మీరు ఎక్కడైనా నిజంగానే సంతకం పెట్టారేమో, లేదా మీ ఆధార్, పాన్ నకళ్లతో మీ పేరు మీదే ఎవరైనా అప్పు తీశారేమో తేల్చుకోవడానికి క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరున ఉన్న అప్పుల చిట్టా, చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. సహరుణగ్రహీతగానో పూచీదారుగానో ఉన్న ఖాతాలు కూడా అందులో కనబడాలి. నా రిపోర్టులో నా బైకు రుణం తప్ప మరేదీ లేదు. అది చూసిన రాత్రే నాకు సరిగా నిద్ర పట్టింది. మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవడం కూడా మంచిది; ఒకే టేబుల్ సొరుగులో నలుగురి ఆధార్ నకళ్లు పడి ఉండే ఇళ్లు మనవి.

ఇక ఇంటికి వచ్చిన మనిషి సంగతి. ఒక ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు తలుపు తట్టాడు. మెడలో ట్యాగు ఉంది గానీ కార్డు వెనక్కి తిరిగి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం. అందులో నా పేరులో ఒక అక్షరం లోపించింది, నా పేరుకు ఎదురుగా సంబంధం అన్నచోట "బ్రదర్" అని అచ్చయి ఉంది. ఆ రూమ్మేట్‌కూ నాకూ ఇంటిపేరు కూడా కలవదు. కాగితాన్ని ఫొటో తీసుకుంటానంటే కవరు వెనక్కి లాక్కున్నాడు. సంస్థ ఇచ్చిన అధికార పత్రం చూపమంటే "ఆఫీసుకు రండి, చూపిస్తాం" అన్నాడు. అప్పటికే నేను చదివి ఉన్నాను కాబట్టి నెమ్మదిగానే చెప్పాను: బకాయిల వసూలుకు అప్పు తీసుకున్న మనిషికే ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టు 12 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చెబుతోంది, అతని కుటుంబసభ్యుల, రిఫరెన్సులుగా ఇచ్చినవారి, స్నేహితుల జోలికి వచ్చి వేధించకూడదని కూడా అందులోనే ఉంది, మీరు చేసిన తప్పుకు మీ సంస్థే బాధ్యత వహించాలి. మెట్ల మీద నిలబడి ఓనరుగారు ఇదంతా విన్నారు. అతను వెళ్లాక ఆమె, "మొదటే చెప్పొచ్చు కదా బాబూ, నేనేదో అనుకున్నాను" అన్నారు. ఆ మాటతో సగం బరువు దిగింది.

మరునాడు ఆ ఫైనాన్సు సంస్థ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పంపాను. నేను రుణగ్రహీతను గానీ పూచీదారును గానీ కాననీ, నా సంతకం ఉన్న పత్రం ఏదైనా ఉంటే నకలు పంపమనీ, నా నంబరును రికార్డుల నుంచి తొలగించమనీ రాసి, ఫోన్లు వచ్చిన తేదీలు, వేళలు, నంబర్ల పట్టికను జతచేశాను. ఫోన్‌లో ఎంత వాదించినా ఏమీ మిగలదు, రాసినది మిగులుతుంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఎలాగో తెలియకపోతే 14448కు ఫోన్ చేస్తే చెబుతారు.

అయితే ఈ దారి రిజర్వు బ్యాంకు కింద నమోదైన సంస్థలకే పనిచేస్తుంది. ఊరూపేరూ లేని యాప్ అయితే, ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తే, మెయిళ్లతో కాలయాపన చేయకుండా సైబర్ నేరాల విభాగం 1930కి ఫోన్ చేసి, పోలీసు స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఇలాంటి యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు వరుసగా అరెస్టులు చేసింది ఆ తరువాతే. వాట్సాప్‌లో కోర్టు నోటీసు, అరెస్టు వారంటు అంటూ ఏదైనా వస్తే కంగారు పడకండి. అప్పు బాకీ పడటం సివిల్ వ్యవహారం; వాయిదా కట్టనంత మాత్రాన అప్పు తీసుకున్నవాడినే పోలీసులు పట్టుకుపోరు, పక్క మంచం మీద పడుకున్నవాడిని అసలే పట్టుకుపోరు.

నా మెయిల్‌కు పంతొమ్మిదో రోజున జవాబు వచ్చింది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనీ, నా నంబరును తొలగించామనీ రాశారు. నా సంతకం ఉన్న పత్రం ఏదీ జతచేయలేదు. ఫోన్లు ఆగిపోయాయి. నేను పంపిన 3,500 గురించి మాత్రం ఆ జవాబులో ఒక్క మాట లేదు. ఆ యూపీఐ ఖాతా ఎవరిదో చెప్పమని, చెల్లింపు స్క్రీన్‌షాట్ జతచేసి రెండో ఫిర్యాదు పంపాను. దాని గడువు ఇంకా పదకొండు రోజులుంది.