విమానపు అసలు భాగాలా, నకలు ప్యానెళ్లా: ఇంటి కాక్‌పిట్‌కు ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో మేముండే ఫ్లాటులో ఒక గది బోయింగ్ 737 కాక్‌పిట్‌గా మారుతూ ఉంది. ఈ పని చేపట్టి నాలుగేళ్లయింది. 2008 మేలో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచేదాకా ప్రయాణికుల విమానాలన్నీ మా పేటకు దగ్గరలోని హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలోనే దిగేవి. ఆ మోత వింటూ ముదిరిన ఇష్టం ఇది. ఇదే ఆలోచనతో ఉన్న తెలుగువారు ఇక్కడ ఎవరు కలిసినా ముందుగా అడిగేది, తుక్కుకు వెళ్లిన విమానాల నుంచి విప్పిన అసలు భాగాలు కొనాలా, కంప్యూటరు మీద విమానం నడిపే అనుభవమిచ్చే సిమ్యులేటర్ల కోసమే తయారయ్యే నకలు ప్యానెళ్లు కొనాలా అని. చేయి పడే భాగాలు అసలువి కొనండి, కన్ను మాత్రమే పడే వాటికి నకలు చాలు అని నేను చెబుతాను. కొంత డబ్బు పోగొట్టుకున్న తరువాతే నాకీ సంగతి తెలిసింది.

నేను నష్టపోయింది సూది మీటర్ల దగ్గర. విమానంలో ఏసీ విద్యుత్తు 115 వోల్టులు, 400 హెర్ట్జులు. మన ఇంటికి వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జులు. పౌనఃపున్యం ఎక్కువైతే ట్రాన్స్‌ఫార్మర్లను, మోటార్లను చిన్నవిగా, తేలికగా చేయవచ్చు కనుక విమానాల్లో 400 హెర్ట్జులే స్థిరపడింది. పాత మీటర్లలో చాలావాటి లోపల సింక్రో అనే పరికరం ఉంటుంది. దాని రోటరుకు సాధారణంగా 26 వోల్టుల, 400 హెర్ట్జుల కరెంటు కావాలి. వోల్టేజీ కలిసింది కదా అని మన 50 హెర్ట్జుల కరెంటునే ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించి ఇస్తే, ఆ చుట్ట ప్రేరణ వల్ల చూపే అడ్డు ఎనిమిదో వంతుకు పడిపోయి, కరెంటు విపరీతంగా పెరిగి, చుట్ట కాలిపోతుంది. నా మొదటి మీటరు అలాగే పోయింది. తరువాతి తరం పరికరాల్లో ఎక్కువభాగం ఆరింక్ 429 అనే డిజిటల్ పద్ధతిలో, రెండు తీగల మీద 32 బిట్ల ముక్కలుగా సమాచారం అందుకుంటాయి. వాటికి ప్రత్యేకమైన ఇంటర్‌ఫేస్ కార్డు కొనాలి. ఇంత ప్రయాస పడినా చివరికి దక్కేది అద్దం వెనుక కదిలే ఒక సూది మాత్రమే.

పాత మీటరు పైతొడుగును, డయలును ఉంచుకొని, లోపలి యంత్రాన్ని తీసివేసి, కార్ల డాష్‌బోర్డుల్లో వాడే చిన్న స్టెప్పర్ మోటారును బిగించడం మధ్యేమార్గం. ఎక్స్27 రకం మోటారు 315 డిగ్రీల వరకే తిరుగుతుంది కనుక ఇంధనపు మీటరుకు సరిపోతుంది గాని, ఎన్ని చుట్లయినా తిరగవలసిన ఆల్టిమీటరుకు, అంటే ఎత్తు చూపే మీటరుకు, పనికిరాదు. 1960ల నాటివి, అంతకు ముందువి అయిన డయళ్ల మీద చీకట్లో మెరవడానికి రేడియం పూసి ఉండవచ్చు. అలాంటి వాటిని ఇంట్లో విప్పనే కూడదు. 737 కొత్త తరం రకాల్లో పైలట్ల ముందున్నవి ఆరు ఎల్‌సీడీ తెరలే కాబట్టి, సరిగ్గా కోసిన నకలు ప్యానెల్ వెనుక మామూలు మానిటర్లు పెడితే కంటికి ఏ లోటూ తెలియదు. ఈ చోట నకలుదే పైచేయి అని నిస్సంకోచంగా చెబుతాను.

స్విచ్చుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. పైకి లాగితే తప్ప కదలని టాగుల్ స్విచ్చు, లాగి పట్టుకొని మూడు స్థానాల మధ్య జరపవలసిన ల్యాండింగ్ గేరు (విమానపు చక్రాల) పిడి, వీటి బరువు, బిగువు, ఆ టక్కుమనే శబ్దం నకళ్లలో నేనింతవరకు చూడలేదు. ప్లాస్టిక్ పిడులు కొన్నాళ్లకే వదులై ఊగుతాయి. అదీగాక, మామూలు టాగుల్ స్విచ్చు లోపల ఉండేవి కలిసి విడిపోయే లోహపు కొసలే కాబట్టి దానికి 400 హెర్ట్జులూ అక్కరలేదు, ఆరింకూ అక్కరలేదు. 54 డిజిటల్ పిన్నులున్న ఆర్డుయినో మెగా అనే చిన్న కంట్రోలర్ బోర్డు, ఉచితంగా దొరికే మోబీఫ్లైట్ సాఫ్ట్‌వేర్ ఉంటే వాటిని మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరు, ఎక్స్‌ప్లేను వంటి సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్లకు కలపవచ్చు. చేతికి ఎక్కువ తృప్తినిచ్చే భాగాలే తీగలు కలపడానికి కూడా తేలికైనవి కావడం ఈ పనిలో మన అదృష్టం.

హెచ్చరిక దీపాలూ అంతే తేలిక. 327 నంబరు బల్బు 28 వోల్టుల దగ్గర 40 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది; బోర్డు ఆజ్ఞతో వాటిని వెలిగించి ఆర్పడానికి ఎనిమిది బల్బులకు ఒక యూఎల్ఎన్ 2803 చిప్పు చాలు. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో ఈ బల్బులకు డీసీ కరెంటునిచ్చే ఎస్ఎంపీఎస్ కొంటున్నప్పుడు, మదనపల్లె నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన దుకాణదారు, "28 ఎందుకు సార్, 24 ఇవ్వండి, బల్బు ఎక్కువ రోజులు వస్తుంది" అన్నాడు. ఆ మాట నిజం. వెలుగు కొద్దిగా పసుపుబారుతుంది గాని బల్బు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

చేయి పడేదే అయినా యోక్ (పైలట్ పట్టుకొని విమానాన్ని నడిపే పిడి) విషయంలో ఆశ తగ్గించుకోవాలి. విమానంలో దాన్ని లాగినప్పుడు తెలిసే బరువు వేగాన్ని బట్టి మారుతుంది. ఆ బరువును పుట్టించే ఫీల్ కంప్యూటరు తోక భాగంలో ఉండిపోతుంది, మన ఇంటికి వచ్చేది వట్టి కడ్డీ, పిడి మాత్రమే. స్ప్రింగులు మనమే అమర్చుకోవాలి. ఎయిర్‌బస్ ఏ320 కట్టదలచిన వారికి ఈ బాధ లేదు. యోక్‌కు బదులు దానిలో పక్కన ఉండే చిన్న కడ్డీ, సైడ్‌స్టిక్, బిగువు అసలు విమానంలోనే స్ప్రింగుల వల్ల వస్తుంది. ఇంజన్ల శక్తిని కంప్యూటరే సర్దే ఆటోథ్రస్ట్ పనిచేస్తున్నప్పుడు కూడా దానిలో ఆ శక్తిని నియంత్రించే థ్రస్ట్ లీవర్లు వాటంతట అవి కదలవు. 737లో లీవర్లు మోటార్లతో కదలాలి, విమానం ముక్కు ఎత్తును సర్దే ట్రిమ్ చక్రం గరగరమంటూ తిరగాలి. కాబట్టి ఏ320 కట్టేవారు థ్రస్ట్‌మాస్టర్ అమ్మే నకలు సైడ్‌స్టిక్‌తో మొదలుపెట్టినా పెద్దగా కోల్పోయేది లేదు.

అసలు భాగం కొనేటప్పుడు నేను పట్టుబట్టేది కనెక్టరుకు కనీసం జానెడు తీగ వదలమని. ఒక విదేశీ వ్యాపారి నాకు పంపిన ప్యానెల్‌కు తీగలన్నీ మొదలంటా కోసేసి ఉన్నాయి. ఒక్కొక్క పిన్నునూ మల్టీమీటరు బజరుతో వెతికి పట్టుకోవడానికి మూడు వారాంతాలు పట్టాయి. మళ్లీ ఎగరడానికి పనికిరాదన్న చీటీ ఉన్న భాగమే అడగండి. పని అదే, ధర చాలా తక్కువ. ఓడ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుపుకొన్న తరువాతే నకలు ధరతో పోల్చి చూడాలి.

అద్దె ఇళ్లలో ఉండేవారు అసలు భాగాలతో ఇల్లు మారడం కష్టమని వెనుకాడతారు. నా అనుభవం వేరు. విమానపు ప్యానెళ్లలో చాలావాటి వెడల్పు 146 మిల్లీమీటర్లు. పావు చుట్టు తిప్పితే ఊడివచ్చే డ్జూస్ మరలతో, 9.525 మిల్లీమీటర్లకు ఒక రంధ్రం ఉన్న పట్టాల మీద అవి కూర్చుంటాయి. రెండేళ్ల క్రితం ఈ ఫ్లాటుకు మారినప్పుడు ఇద్దరు పైలట్ల సీట్ల మధ్య ఉండే పీఠంలోని ప్యానెళ్లన్నీ ఒక పూటలో విప్పి, పాత దుప్పట్లలో చుట్టి, కారు వెనుక సీటులో తెచ్చుకున్నాను. జిగురుతో అతికించిన నకలు చట్రాన్ని మాత్రం తలుపులోంచి బయటకు తీయలేక రంపంతో రెండు ముక్కలు చేయవలసి వచ్చింది.