కట్టిన వాయిదాకే ఫోన్‌కి తాళం: ఫైనాన్స్ కంపెనీ కస్టమర్ కేర్‌తో నా అనుభవం

ఐదుకి ఒక్క స్టార్. ఆ ఒక్కటీ బ్రాంచిలో కూర్చునే అమ్మాయికి.

విజయవాడ సత్యనారాయణపురంలో మాది కర్రీ పాయింట్. బీసెంట్ రోడ్డులో ఫోన్ ఈఎంఐ మీద తీసుకున్నాను. వాయిదా తప్పితే ఫోన్ లాక్ అవుతుందని ముందే చెప్పారు, సరేనని సంతకం పెట్టాను. ప్రతి నెలా 5న ఖాతాలోంచి ఆటో డెబిట్. ఈసారీ డబ్బు కట్ అయింది, బ్యాంకు మెసేజ్ కూడా వచ్చింది. అయినా పొద్దున్నే పప్పు పొయ్యి మీదుండగా ఫోన్ లాక్ అయిపోయింది. తెర మీద కంపెనీ పేరు, వాయిదా బాకీ ఉందని ఒక మాట, కింద కట్టమని బటన్. మా వీధిలో వ్రతం భోజనాలు ఒప్పుకున్నాను. ఎంతమందికి, ఏమేం వండాలి, అన్నీ ఆ వాట్సాప్‌లోనే ఉన్నాయి.

మావారి ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కి చేస్తే, రిజిస్టర్ అయిన నంబరుకి ఓటీపీ పంపాం, చెప్పమన్నారు. ఆ నంబరు తాళం పడిన ఫోన్‌లోనే ఉంది కదా! సిమ్ తీసి మా అత్తగారి కీప్యాడ్ ఫోన్లో వేస్తే గానీ ఓటీపీ కనపడలేదు. అప్పుడు మాట్లాడినాయన, "మేడమ్, మా సిస్టంలో బౌన్స్ చూపిస్తోంది, ఇప్పుడు మళ్ళీ కట్టేయండి, తర్వాత అడ్జస్ట్ చేస్తాం" అన్నాడు. నేను కట్టనన్నాను. పడిన డబ్బుని వాళ్ళు వెతుక్కోవాలి గానీ నేను రెండోసారి ఎందుకు కట్టాలి? కంప్లయింట్ నంబరు ఇచ్చేదాకా ఫోన్ పెట్టలేదు.

బ్యాంకుకి వెళ్ళి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుని, స్టేట్‌మెంట్ మీద యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుని గుర్తించే నంబరు) తీసుకుని బ్రాంచికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి అది చూడగానే, "డబ్బు మాకు వచ్చిందండీ, మీ లోన్ ఖాతాలో ఎక్కలేదు" అంది. ఫోన్ పెట్టె మీది ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) రాసుకుని తనే మెయిల్ పెట్టింది. లాక్ తీసేశామని మెసేజ్ వచ్చినా ఫోన్ మాత్రం తెరుచుకోలేదు. సిమ్ బయటుంది, నెట్ లేదు, ఇక ఆ ఆర్డరు ఫోన్‌కి ఎలా చేరుతుంది? ఆ సంగతీ ఆమే కనిపెట్టి, లాక్ తెర మీదున్న వైఫై బటన్ నొక్కి తన హాట్‌స్పాట్ కలిపింది. ఈ ముక్క కస్టమర్ కేర్‌లో ఒక్కరూ చెప్పలేదు.

తాళం వేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు, మిషనే వేసేస్తుంది. తీయడానికి మాత్రం మెయిళ్ళు, అప్రూవల్స్. నాకు మండింది అక్కడే. లాక్ చేసే ముందు డబ్బు నిజంగా రాలేదా అని ఒక్క మనిషైనా చూడాలి.

మీకూ ఇలా జరిగితే రెండోసారి కట్టకండి. బ్రాంచి గోడ మీద గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, నంబరు ఉంటాయి, ఆయనకి రాతలో పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి గొడవలు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయొచ్చు.

బౌన్స్ ఛార్జీ వెనక్కి వేశారు. పోయిన గిరాకీ గురించి అడిగితే జవాబు లేదు. క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, తెప్పించి చూస్తే ఈ నెల వాయిదా ఆలస్యమని ఎక్కించి ఉంది. దాన్ని సరిచేయమని రాసిచ్చాను. సరిచేసేదాకా ఈ రేటింగ్ మార్చను.