స్లో నిలవని పద్మిని కార్బొరేటర్: మళ్లీ విప్పాలా, బుష్ వేయించాలా, కొత్తది కొనాలా?

కార్బొరేటర్‌కు రిపేర్ కిట్ వేసి, శుభ్రంగా కడిగి బిగించాక కూడా ప్రీమియర్ పద్మిని కారు స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఆగిపోతుంటే వరంగల్‌లో యజమానికి మూడు సలహాలు దొరుకుతాయి. ఒకరు మళ్లీ విప్పి కడగమంటారు. ఒకరు లేత్‌కు తీసుకెళ్లి స్పిండిల్‌కు (గాలి దారిని మూసి తెరిచే బటర్‌ఫ్లై పలకను తిప్పే కడ్డీకి) బుష్, అంటే అరిగిన రంధ్రంలో దింపే కంచు తొడుగు, వేయించమంటారు. ఇంకొకరు ఈ తిప్పలెందుకు, కొత్తది పెట్టెయ్యమంటారు. పద్మినికి ఉండే పాత సోలెక్స్ కార్బొరేటర్ బాడీ పగలకుండా ఉంటే ఎక్కువ బండ్లకు బుష్ వేయించడమే మేలు. కిట్‌లో గ్యాస్కెట్లు, నీడిల్ వాల్వ్ వస్తాయి. ఏళ్ల తరబడి అరిగిన స్పిండిల్ రంధ్రానికి మాత్రం ఏ కిట్టులోనూ మందు లేదు. బటర్‌ఫ్లై దాదాపు మూసుకున్నప్పుడు దాని కింద వాక్యూమ్ బాగా ఎక్కువ. ఆ అరిగిన సందులోంచి ఇంజన్ లెక్కలేని గాలిని గుంజుకుంటుంది. రేస్ ఇచ్చినప్పుడు ఆ గాలి లెక్కలోకి రాదు, స్లోలోనే బండిని చంపేస్తుంది.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, చోక్ పూర్తిగా తీసి నాలుగు పరీక్షలు చేయాలి. సీబీ పాయింట్లు (స్పార్క్ కొట్టించే కాంటాక్టులు), స్పార్క్ టైమింగ్, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిగా ఉన్నాయని ముందే చూసుకోవాలి. అవి తప్పుంటే కార్బొరేటర్ ఎంత మంచిదైనా స్లో నిలవదు.

మొదటిది, బండి స్టార్ట్ కాగానే కార్బొరేటర్ మూతిని అరచేత్తో సగం మూయాలి. ఇంజన్ ఒక్కసారి తేరుకుంటే మిశ్రమం పలచగా ఉంది, గాలికి తగ్గ పెట్రోల్ లేదు. అంటే గాలి లీకో, స్లో జెట్ (స్లోకు పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క) మూసుకుపోవడమో. వెంటనే ముక్కి ఆగిపోతే పెట్రోల్ ఎక్కువవుతోంది, ఫ్లోట్ లెవెల్ (కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టం), ఆ గిన్నెలోకి పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్ చూడాలి.

రెండోది, స్పిండిల్ రెండు చివర్లా బాడీలోకి దూరే చోట మందంగా గ్రీజు పూయాలి. అంతకుముందు అక్కడ వేలితో తుడిచి చూస్తే అరిగిన కార్బొరేటర్‌కు నల్లటి తడి జిడ్డు అంటుకుంటుంది. లీవర్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే చిన్న టిక్కు చేతికి తెలుస్తుంది. గ్రీజు పూయగానే స్లో కాసేపైనా కుదురుకుంటే జబ్బు అక్కడే ఉంది, ఇక జెట్లు విప్పనక్కర్లేదు. చాలామంది ఇక్కడ కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారు. అది వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట లేస్తుంది, గ్రీజే భద్రం.

మూడోది, కార్బొరేటర్ కింద గ్యాస్కెట్, నల్లటి ఇన్సులేటర్ దిమ్మ, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపు. సబ్బు నీళ్లు బ్రష్‌తో రాస్తే లీకున్న చోట నీళ్లు లోపలికి పోయి ఇంజన్ చప్పుడు మారుతుంది.

నాలుగోది మిక్స్చర్ స్క్రూ, స్లోలో మిశ్రమాన్ని సరిచేసేది. మెల్లగా లోపలికి బిగిస్తూ పోతే చివరి మలుపులో ఇంజన్ తడబడి ఆగాలి. ఏ మార్పూ లేకపోతే స్లో దారిలో పెట్రోల్ రావడం లేదన్నమాట. లేదా స్టాప్ స్క్రూను (స్లో వేగం పెట్టే స్క్రూను) అతిగా బిగించి బటర్‌ఫ్లైని ఎక్కువగా తెరిచి ఉంచారు. బైకుల్లో ఫిల్టర్ వైపుండే ఎయిర్ స్క్రూను లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కనవుతుంది. ఇక్కడ స్క్రూ బటర్‌ఫ్లై వైపుంటుంది, బయటికి తిప్పితేనే చిక్కన. బైకులకు అలవాటైన చేయి దీన్ని ఉల్టా తిప్పేస్తుంది.

గ్రీజుతో మార్పు రాకుండా, మిక్స్చర్ స్క్రూ మాట వినకపోతేనే మళ్లీ విప్పడం మేలు. అప్పుడు కూడా ముందు స్లో జెట్ ఒక్కటి విప్పి వెలుతురుకు పట్టి చూడాలి. మీద 50 అని ఉంటే రంధ్రం 0.50 మి.మీ. అది నిండు గుండ్రంగా కనపడాలి. సూదితో, ఇనుప తీగతో గుచ్చితే ఇత్తడి రంధ్రం సాగిపోతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొడితే చాలు. జెట్ తీసిన రంధ్రంలో క్లీనర్ కొడితే అది మిక్స్చర్ స్క్రూ దగ్గర, బటర్‌ఫ్లై అంచున ఉండే సన్న రంధ్రాల్లోంచి రావాలి. రాకపోతే దారిలో తెల్లటి తుప్పు ఉంది, లేదా కొత్త గ్యాస్కెట్ రంధ్రానికి అడ్డం పడింది. పాత గ్యాస్కెట్ పక్కన పెట్టి పోల్చితే ఇది అర నిమిషంలో తేలుతుంది.

బుష్ వేయించడం పని తెలిసిన లేత్ మీద ఆధారపడి ఉంటుంది. ఆటోనగర్‌లో బుష్ కొట్టే చెయ్యి చాలా దొరుకుతుంది, కార్బొరేటర్ బాడీ మాత్రం జింక్ పోత. వైస్‌లో గట్టిగా బిగిస్తే పగులుతుంది, బుష్ మరీ బిగువుగా దింపినా పగులుతుంది. చెప్పి చేయించాల్సినవి ఇవి. బటర్‌ఫ్లై విప్పే ముందు ఏ వైపు పైకో గీత పెట్టుకోవాలి. దాని స్క్రూల చివరలు నొక్కి ఉంటాయి, ఆకురాయితో రాయకుండా తిప్పితే లోపలే విరుగుతాయి. కంచు బుష్‌లు రెండూ దింపాక రీమర్‌ను (రంధ్రాన్ని సైజుకు తెచ్చే పనిముట్టును) రెండు వైపులా ఒకే వరసలో దూర్చాలి. విడివిడిగా చేస్తే స్పిండిల్ పట్టేస్తుంది. స్పిండిల్‌కూ బుష్‌కూ మధ్య 0.03 నుంచి 0.05 మి.మీ. ఖాళీ సరిపోతుంది. పాత స్పిండిల్ మీద వేలిగోటికి గాడి తగిలితే కొత్తది తిప్పించాల్సిందే, లేదంటే బుష్ వేసిన ఫలితం ఉండదు. బుష్ లోపలి గొట్టంలోకి పొడుచుకు రాకూడదు. బిగించేటప్పుడు స్క్రూలు వదులుగా పెట్టి, బటర్‌ఫ్లైని పూర్తిగా మూసి, అది తానే నడిమికి కుదురుకున్నాక బిగించాలి. లైటుకు పట్టి చూస్తే అంచు చుట్టూ వెలుతురు ఒకే తీరుగా ఉండాలి. చివరలు మళ్లీ నొక్కాలి. స్క్రూ ఊడితే నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. ఇదే పనిలో కింది ఫ్లాంజ్‌ను (ఇంజన్‌కు బిగించే చదును అంచును) అద్దం మీద 400 నంబర్ ఎమెరీ పెట్టి రుద్ది సమం చేయించాలి. నట్లు ఎక్కువ బిగించిన చాలా బండ్లకు అది వంగి ఉంటుంది.

బాడీ పగిలి ఉంటే, జెట్ల మరలు పోయి ఉంటే కొత్తది కొనాలి. కొనేటప్పుడు స్పిండిల్ ఆడించి చూడాలి, కొత్తవాటిలోనూ వదులుగా వచ్చేవి ఉంటాయి. జెట్ నంబర్లు పాతవాటితో సరిపోల్చి, వేరుగా ఉంటే పాత జెట్లే మార్చి వేయాలి. మారుతి 800 కార్బొరేటర్ పెట్టించమనే మాట నాలుగోదిగా వినపడుతుంది. అది 796 సీసీ ఇంజన్ కోసం కుదిర్చింది, పద్మినిది 1089 సీసీ. స్లో నిలిచినా లోడు మీద పలచబడుతుంది, పైగా మధ్యలో పెట్టే అడాప్టర్ ప్లేటు ఇంకో గాలి లీకుకు చోటు.

ఏది చేసినా సెట్టింగ్ ఒకటే. మిక్స్చర్ స్క్రూను తాకేంతవరకే బిగించి ఒకటిన్నర మలుపులు బయటికి తీయాలి. స్టాప్ స్క్రూతో స్లో 800 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, మిక్స్చర్ స్క్రూను ఇంజన్ అన్నిటికన్నా చురుగ్గా తిరిగే చోటికి తేవాలి. వేగం పెరిగితే స్టాప్ స్క్రూ తగ్గించి మళ్లీ చూడాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో మిశ్రమం పలచబడుతుంది కాబట్టి స్క్రూ ఇంకో అర మలుపు అడగవచ్చు. మూడు మలుపులు దాటినా చాలకపోతే, లీకులు లేవని తేల్చుకున్నాక, స్లో జెట్ ఒక నంబరు పెద్దది వేయాలి. మే నెల ఎండలో బండి ఆపి పావుగంటకు మళ్లీ తీస్తే ఆగిపోవడం వేరే సంగతి. అప్పుడు పెట్రోల్ గిన్నెలోనే మరుగుతుంది, ఇన్సులేటర్ దిమ్మ అసలుందో లేదో చూడాలి.