కేన్ దారా, ఛాన్స్ దారా? వెస్టర్న్ సినిమాల్లో ఏ నాయకుడు మేలు?

ప్రమాదం వస్తోందని తెలుసు. పక్కన నిలబడేవాళ్ళు తక్కువ. అలాంటప్పుడు నాయకుడు ఊరందరినీ సాయం అడగాలా, ఉన్న నలుగురితోనే నెట్టుకురావాలా? ఈ విషయం మీద హాలీవుడ్‌లో రెండు వెస్టర్న్ (కౌబాయ్) సినిమాలు ఒకదానితో ఒకటి వాదనకే దిగాయి. మొదటిది 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన ‘హై నూన్’. అందులో మార్షల్, అంటే ఊరి పోలీసు అధికారి, ఊరంతా తిరిగి సాయం అడగడం దర్శకుడు హోవర్డ్ హాక్స్‌కి అస్సలు నచ్చలేదు. దానికి జవాబుగా 1959లో జాన్ వేన్‌తో ‘రియో బ్రావో’ తీశాడు.

‘హై నూన్’లో గ్యారీ కూపర్ వేసిన మార్షల్ విల్ కేన్‌కి అప్పుడే పెళ్ళయింది. ఉద్యోగం వదిలేసి భార్యతో వెళ్ళిపోతున్నాడు. ఇంతలో కబురు వస్తుంది: తను పట్టించిన ఫ్రాంక్ మిల్లర్ మధ్యాహ్నం 12 గంటల రైలుకి దిగుతున్నాడు, అతని మనుషులు ముగ్గురు స్టేషన్లో కాచుకుని ఉన్నారు. సినిమా 85 నిమిషాలు, కథ కూడా ఇంచుమించు అంతసేపే నడుస్తుంది. గోడ గడియారాలు మాటిమాటికీ కనబడుతుంటే చూసేవాళ్ళకీ టెన్షన్ పట్టుకుంటుంది. మిల్లర్‌కి శిక్ష వేసిన జడ్జి జెండా మడిచి సామాను సర్దుకుంటాడు. ఒక స్నేహితుడు ఇంట్లోనే ఉండి, లేనని భార్యతో చెప్పిస్తాడు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం చర్చి సన్నివేశం. ఊరి పెద్ద లేచి కేన్‌ని నిండు మనసుతో పొగుడుతాడు. ఇక జనం కదులుతారనే అనుకుంటాం. ఆయన అదే గొంతుతో, నువ్వు ఊళ్ళో లేకపోతేనే మంచిదని ముగిస్తాడు. కాల్పులు జరిగాయంటే ఊరికి పెట్టుబడులు రావని ఆయన బెంగ.

‘రియో బ్రావో’లో జాన్ వేన్ వేసిన షెరీఫ్ (ఇదీ పోలీసు ఉద్యోగమే) ఛాన్స్ పరిస్థితీ ఏమంత మెరుగు కాదు. హత్య చేసిన జో బర్డెట్‌ని జైల్లో పెట్టాడు. ఆ జో అన్న డబ్బున్నవాడు, కిరాయి మనుషుల్ని దింపాడు. స్నేహితుడు వీలర్ తన మనుషుల్ని ఇస్తానంటే ఛాన్స్ వద్దంటాడు. పెళ్ళాం పిల్లల మీద బెంగపెట్టుకున్న మామూలు మనుషుల్ని తుపాకుల ముందుకి తోయకూడదన్నది అతని లెక్క. మరి అతని జట్టులో ఎవరున్నారు? తాగి పాడైపోయిన పాత డిప్యూటీ డ్యూడ్, కుంటుతూ నడిచే ముసలి స్టంపీ, తర్వాత కలిసే కుర్రాడు కొలరాడో.

నాకు ఈ పోలికలో అసలు విషయం ఇక్కడే ఉంది. కేన్ దగ్గరికీ ఒక తాగుబోతు, ఒక కుర్రాడు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఇద్దరినీ మంచి మాటలు చెప్పి పంపేశాడు. ఆ కుర్రాడు మరీ చిన్నవాడు, పంపెయ్యడమే సబబు. తాగుబోతుకి ఒక కన్ను కనబడదు. కాబట్టి కేన్‌ని తప్పుపట్టలేం. కానీ ఛాన్స్ అలాంటి మనిషిని ఎలా నిలబెట్టాడో చూడండి. డ్యూడ్ చేతులు వణికి సిగరెట్ చుట్టుకోలేకపోతుంటే తను చుట్టింది అందిస్తాడు. జాలి మాటలు ఉండవు, ఉపదేశం ఉండదు. డ్యూడ్ తాగుడు కోసం అమ్ముకున్న తుపాకుల్ని ఎప్పుడో కొని దాచిపెట్టాడు. వీలర్‌ని కాల్చి చంపిన హంతకుడు సెలూన్‌లో (బార్‌లో) దూరినప్పుడు డ్యూడ్ ముందు తలుపు నుంచి తను వెళ్తానంటాడు, ఛాన్స్ ఒప్పుకుని వెనక తలుపుకి వెళ్తాడు. లోపల అందరూ డ్యూడ్‌ని చూసి నవ్వుతుంటే, అతను గ్లాసులోని బీరులో పడుతున్న రక్తపు బొట్టు చూసి, పైన అటక మీదున్న హంతకుణ్ణి కాల్చేస్తాడు. ఛాన్స్ ఆ పని తనే చేసి ఉంటే డ్యూడ్ మళ్ళీ మనిషయ్యేవాడు కాదు.

ఇదే హాక్స్, ఇదే వేన్ 1948లో ‘రెడ్ రివర్’లో మూడో దారి చూపించారు: భయపెట్టి నడిపించడం. టెక్సాస్ నుంచి వేల పశువుల్ని తోలుకెళ్తున్న డన్సన్, పారిపోయి దొరికినవాళ్ళని ఉరితీస్తానంటాడు. పెంచిన కొడుకులాంటి మ్యాట్ అడ్డు నిలుస్తాడు, మంద చివరికి మ్యాట్ చేతుల మీదుగానే కాన్సస్‌లోని ఆబిలీన్ ఊరు చేరుతుంది. దీన్ని మిగతా రెండింటితో సమానంగా తూచాలని కూడా నాకు అనిపించదు.

నా ఓటు ఛాన్స్‌కే. సాయం వద్దన్న ఛాన్స్‌ని కొలరాడో, ఫెదర్స్ అనే అమ్మాయి, రావద్దన్నా చివరి పోరాటానికి వచ్చేసిన స్టంపీ ఆదుకుంటూనే ఉంటారు. అది అతని బలహీనత అని నేను అనుకోను. మాట కాదని మరీ వచ్చేంత ప్రేమ ఒక్క పూటలో పుట్టదు. కేన్‌కి దొరికిందల్లా గంటన్నర లోపే. డిప్యూటీ హార్వీ అలిగి బ్యాడ్జి తీసిపెట్టిన తీరు చూస్తే, వాళ్ళిద్దరి మధ్య బంధం అంతకుముందే తెగిపోయిందనిపిస్తుంది.

అలాగని హాక్స్ కోపం మొత్తం న్యాయమని నేననను. ‘హై నూన్’ రచయిత కార్ల్ ఫోర్‌మన్‌ని 1951లో, కమ్యూనిస్టుల వేట జోరుగా ఉన్న రోజుల్లో, అమెరికన్ కాంగ్రెస్ కమిటీ విచారణకి పిలిచింది. ఆయన తోటివాళ్ళ పేర్లు చెప్పలేదు. సినిమాల్లో పని ఇవ్వకూడదనుకున్నవాళ్ళ బ్లాక్‌లిస్ట్‌లోకి ఎక్కాడు, ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. కేన్ ముందు మూసుకున్న తలుపులు ఆయన తన కళ్ళతో చూసినవే. అందుకే నాయకత్వం నేర్చుకోవాలంటే ‘రియో బ్రావో’ చూడమంటాను, తన నాయకుణ్ణి నట్టేట ముంచే ఊరు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ‘హై నూన్’ చూడమంటాను.