కర్నూలు మాజీ సైనికుల జాబ్ మేళా: ఉద్యోగాల కంటే కాగితాలకే ఎక్కువ పనికొచ్చింది (5కి 3)

మాది ఆదోని. మొన్న కర్నూలులో మాజీ సైనికుల కోసం పెట్టిన జాబ్ మేళాకు మా ఆయనతో పాటు నేనూ వెళ్లాను. ఆయన ఆర్మీలో బండ్లు, యంత్రాలు రిపేరు చేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్. 17 ఏళ్లు చేసి హవల్దారుగా బయటికొచ్చారు, ఇప్పుడు వయసు 38. "పెన్షన్ వస్తుంది కదా, మళ్లీ ఉద్యోగమెందుకు?" అని అడిగే చుట్టాలు మాకూ ఉన్నారు. ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి లోను కట్టేసరికి పెన్షన్‌లో ఏం మిగులుతుందో వాళ్లకు ఎవరు చెప్తారు? జవాన్లలో చాలామంది నలభై దాటకముందే ఇంటికొచ్చేస్తారు. బయట ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ప్రమోషన్లు మొదలయ్యే వయసది.

ఏర్పాట్లకు పెద్దగా వంక పెట్టను. షామియానా, ఫ్యాన్లు, తాగునీళ్లు బాగానే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో నింపిన వివరాలే గేటు దగ్గర మళ్లీ కాగితం మీద రాయించారు, అది మాత్రం విసుగు. ఆడవాళ్లకు బాత్రూం ఎక్కడని అడిగితే ముగ్గురు మూడు దిక్కులు చూపించారు. భార్యలు కూడా వస్తారని నిర్వాహకులకు తట్టినట్టు లేదు.

లోపల సగానికి పైగా టేబుళ్లు సెక్యూరిటీ ఏజెన్సీలవే. ఒకచోట కుర్రాడు మా ఆయన బయోడేటా తిప్పి కూడా చూడలేదు. ఎత్తెంత, గన్ లైసెన్స్ ఉందా, రేపే చేరతారా, ఇవే ప్రశ్నలు. జీతం 18,000 అన్నాడు. చేతికెంత వస్తుందని నేను అడిగాను. అప్పుడు ఒక్కొక్కటే బయటపడ్డాయి: డ్యూటీ 12 గంటలు, యూనిఫాం డబ్బులు జీతంలోంచే కట్, కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ వాటా కూడా ఆ 18,000లోనే. వారానికో రోజు సెలవుంటుందా అంటే "రిలీవర్ దొరికితే మేడమ్" అని నవ్వాడు. గార్డు పని తక్కువదని నేననడం లేదు. మా పెద్దమ్మ కొడుకు బ్యాంకులో ఆర్మ్‌డ్ గార్డు, దర్జాగా బతుకుతున్నాడు. కానీ ఇన్నేళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మనిషికి ఎత్తు చూసి గేటు దగ్గర స్టూలు వేస్తామంటే ఎట్లా?

మేళాలో నాకు బాగా నచ్చింది ఓ మూలన ఉన్న సలహాల టేబుల్. అక్కడ బోర్డు కూడా సరిగా లేదు. ఓ రిటైర్డ్ సుబేదార్ గారు కూర్చున్నారు. మా ఆయన "రామ్ రామ్ సాబ్" అనగానే కుర్చీ లాగి, "నువ్వూ కూర్చోమ్మా, ఇవన్నీ ఇంట్లో చూసుకునేది మీరే" అన్నారు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలకు వయసు లెక్క ఆయనే కాగితం మీద వేసి చూపించారు. అసలు వయసులోంచి సర్వీసు తీసేయాలి, మిగిలింది గరిష్ఠ వయసు కంటే మూడేళ్లకు మించి ఎక్కువ ఉండకూడదు. మా ఆయనకు 38లోంచి 17 పోతే 21. ఇంకా కాలేజీ కుర్రాడే! వయసు దాటిపోయిందని వదిలేసుకున్న నోటిఫికేషన్లు గుర్తొచ్చి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పారు. పదో తరగతి పాసై, 15 ఏళ్ల సర్వీసు ఉంటే, డిగ్రీ అడిగే గ్రూప్ సి పోస్టులకు కూడా అర్హులుగా తీసుకోవచ్చట, టెక్నికల్ అనుభవం తప్పనిసరి కాని వాటికి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం, సబ్ స్టాఫ్‌లో (అటెండర్ల లాంటి పోస్టుల్లో) 24.5 శాతం మాజీ సైనికుల కోటా. "ప్రైవేటులో చేరితే ఈ కోటా పోతుందా సాబ్?" అని మా ఆయన అడిగారు, ఆ భయం చాలామందికి ఉంది. పోదన్నారు. డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం), ఐడీ కార్డు మూడూ తీసుకుని, పేరు, పుట్టినతేదీ అన్నింట్లో ఒకేలా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూశారు. ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా అక్కడే దొరికింది. ఎక్కడా ఫీజు లేకుండా ఇంత ఓపిగ్గా చెప్పేవాళ్లు బయట దొరకరు. అట్లాంటి టేబుళ్లు నాలుగుండాలి, ఉన్నది ఒక్కటే. మా వెనక లైను భోజనాల టైముకు కూడా తరగలేదు.

ఉద్యోగం ఇచ్చే టేబుళ్లలో పని తెలిసినవాళ్లు కూర్చున్నది ఒక్కచోటే, టిప్పర్లు, జేసీబీలు రిపేరు చేసే వర్క్‌షాపు వాళ్లది. ఓనరు పెద్దాయన. బయోడేటా పక్కన పెట్టి, ఫోన్‌లో ఓ ఇంజన్ శబ్దం వినిపించి "ఇదేందో చెప్పప్పా" అన్నాడు. మా ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ విన్నారు. "స్టార్టింగ్‌లోనా, లోడు మీదా? పొగ నల్లగా వస్తుందా, తెల్లగానా?" అని ఎదురు ప్రశ్న వేశారు. పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ తర్వాత నేనక్కడ ఉన్నట్టే ఇద్దరూ మర్చిపోయారు. లడఖ్ చలికి డీజిల్ గడ్డకడితే స్టాలియన్ బండ్లను (ఆర్మీ ట్రక్కులు) ఎట్లా లేపేవాళ్లో మా ఆయన చెప్తుంటే, పక్క టేబుల్ వాళ్లు కూడా చెవులిటు పెట్టారు. ఇంట్లో మాకు ఈ కథలు పాతవే అనుకోండి.

వెళ్లాలనుకునేవాళ్లకు: జిరాక్సులు రెండు సెట్లు ఇంటి దగ్గరే తీయించుకోండి, బయట ఆ రోజు రేటు పెంచేశారు. ముందు సలహాల టేబుల్ దగ్గరికెళ్లి తర్వాత కంపెనీల దగ్గరికెళ్లండి. జీతం ఎంత అని కాదు, చేతికెంత, ఎన్ని గంటలు అని అడగండి. ఆఫర్ లెటర్ అక్కడికక్కడే వస్తుందనే ఆశ మాత్రం పెట్టుకోవద్దు.

వర్క్‌షాపు వాళ్లు తర్వాత పిలిచి పని చేయించి చూశారు, నచ్చింది. 22,000, ఎనిమిది గంటలు, పీఎఫ్ విడిగా. కానీ పని కర్నూలులో. ఆదోనిలో వాళ్ల బండ్లు చాలానే తిరుగుతున్నాయి, ఇక్కడే ఓ సర్వీస్ పాయింట్ పెడితే మా ఆయన చూసుకుంటారని చెప్పాం. ఆలోచించి చెప్తామన్నారు, ఇంకా ఫోను రాలేదు. ఈలోపు ఆధార్ సెంటర్‌లో స్పెల్లింగ్ మార్పించే పని నా మీద పడింది.